పసిబిడ్డల వాంతులు : కారణ విచారము

పసిబిడ్డ వాంతి చేసికొనని ఇల్లుండదు. అజీర్ణము చేతనో జ్వరము చేతనో ఒకనాడు వచ్చి మరునాటికి పోయిన వాంతిని గూర్చి వ్యాసములు వ్రాయ నక్కరలేదు. కాని ఒకే బిడ్డ దినమునకు నాలుగైదు మారులు కక్కుచున్నప్పుడును, నెలకొకసారి రెండేసి దినములు మంచము పట్టి నీళ్ళు సైతము నిలుపుకొనలేకున్నప్పుడును ఆ యింట ఎవరికిని నిద్ర పట్టదు. మొదట దిష్టి తీయుదురు. పిమ్మట పాలు మార్తురు. ఆ పిమ్మట మందులంగడికి పోయి వాంతులు కట్టు మందు తెత్తురు. ఈ మూడింటిలో ఏదియు, ఈ వాంతి ఎందుకు వచ్చుచున్నది అను ప్రశ్నకు సమాధానము కాదు. వాంతి తనకు తాను వ్యాధి కాదు. వ్యాధిని తెలుపు గుర్తు. కొన్ని వేళల ఆ గుర్తుకు వెనుక భయపడవలసినది ఏమియు ఉండదు. కొన్ని వేళల కొద్ది గంటలలోనే ప్రాణము మీదికి వచ్చును. ఏది ఎట్టిదో తెలిసికొనుట యెట్లు అనునదే ఇచ్చటి విచారము.

నేను వైద్యుడను కాను. కర్ణాటకములోని ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పువాడను. మందుల పేర్లు, మోతాదులు ఈ వ్యాసమున ఉండవు. అవి చెప్పవలసినవారు వేరుగా ఉన్నారు. అయితే చిన్నబిడ్డ వాంతులకు కారణము కనుగొనుటలో యంత్రముల కంటె ముందుగా పనిచేయునది తల్లి చెప్పు మాట. ఎప్పుడు కక్కినది, ఎంత విసురుగా కక్కినది, ఏ రంగున నున్నది, కక్కిన పిమ్మట బిడ్డ యెట్లున్నది అను ఈ నాలుగు సంగతులు సరిగా చెప్పబడినచో వైద్యుని శ్రమ చాలవరకు తగ్గును. మాట సంగతి వచ్చినది గనుక భాషోపాధ్యాయునికి ఇందు కొంత పని కలదు.

మా పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిది. ఆంధ్రదేశపు సరిహద్దు దీనిని పలువైపుల చుట్టివచ్చినది. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గము మాకు ఇరుగుపొరుగులు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును, 1956లో రాష్ట్రముల హద్దులు మారినప్పుడును ఈ తాలూకా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఇంటి భాష మాత్రము పెక్కు పల్లెలలో తెలుగే. వై.ఎన్. హొసకోట మగ్గముల యొద్దను, నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి తిరునాళ్ళలోను, ఇప్పుడు సౌరవిద్యుత్ పలకలు పరచుకొన్న తిరుమణి పొలముల గట్లమీదను మన మాటయే వినవచ్చును. ఆస్పత్రి చీటి మాత్రము కన్నడములోనో ఇంగ్లీషులోనో ఉండును. డాక్టరుగారు ధారవాడ వైపునుండియో మంగళూరు వైపునుండియో వచ్చినవారు కావచ్చును. మాటలు రాని బిడ్డకు తల్లి దుబాసి. ఆ తల్లికి దుబాసి యెవరు?

మాటలు రాని రోగి బాధను గ్రహించుట కష్టమని మన పూర్వులకును తెలిసియుండెను. బాలవైద్యమునకు మూలగ్రంథమైన కశ్యప సంహితయందు వేదనాధ్యాయమని ఒక అధ్యాయము కలదు. బిడ్డ చేష్టలను బట్టి రోగమును పోల్చుట యెట్లో అందు చెప్పబడినది. కారణము లేక మాటిమాటికి త్రేనుపులు వచ్చుట, నిద్రమత్తు, ఆవలింతలు అనునవి వాంతికి ముందుగుర్తులని ఆ గ్రంథము పేర్కొనుచున్నది. వాంతికి ఆయుర్వేదమున ఛర్ది అని పేరు. దానిని దోషములను బట్టి ఐదు విధములుగా విభజించి, ఒక్కొక్క విధమునకు రంగును, రుచిని, వాసనను వివరించిరి. ఆ విభాగమును నేటి వైద్యులు అంగీకరింపకపోవచ్చును. కాని రంగు చూడవలెనను మాట మాత్రము నేటికిని చెల్లుచున్నది.

ఇక తెలుగు మాటలు. పాలు కక్కుట వేరు, డోకు వేరు, వాంతి వేరు. ఈ భేదము మన ముసలమ్మలకు బాగుగా తెలియును. బిడ్డ ఏ యాయాసమును లేక, నవ్వుచు ఆడుచునే, నోటి చివరనుండి పాలు జార్చినచో అది పాలు కక్కుట. కడుపులో త్రిప్పి, నోట నీరూరి, పైకి ఏమియు రాకున్నను గొంతు కుదిపివేయునది డోకు, లేదా ఓకరింత. పొట్ట కండరములు బిగిసి లోపలిది బలవంతముగా వెడలివచ్చినచో వాంతి. కక్కు అను క్రియ కావ్యభాషలో క్రక్కుగా నున్నది. అదే ధాతువు కన్నడములోను కలదు. ఓకరింతకు కన్నడమున ఓకరికె. వాంతి రెండు భాషలకును సంస్కృతమునుండి వచ్చినదే. కావున ఇంతవరకు చిక్కు లేదు. శరీరశాస్త్రములోను ఈ భేదమే యున్నది. పాలు కక్కుట అన్నవాహిక క్రిందిభాగమున నుండు కవాటము ఇంకను బిగియనందువలన కలుగును. వాంతిని నడపునది మెదడు క్రిందిభాగము. కడుపు, చెవి, రక్తము, మనస్సు ఎచ్చటనుండి హెచ్చరిక వచ్చినను అది వాంతి కలిగింపగలదు. అందుచేతనే మూత్రపు రోగమునకును వాంతియే, చెవిపోటుకును వాంతియే, మెదడులోని గడ్డకును వాంతియే.

చిక్కంతయు రంగు దగ్గర వచ్చుచున్నది. తెలుగున 'పచ్చ' అను మాట రెండు రంగులకు చెల్లును. పచ్చగడ్డి అన్నప్పుడు ఆకురంగు; పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపురంగు. 'బిడ్డ పచ్చగా కక్కినాడు' అని తల్లి చెప్పినచో ఇందేది? కన్నడమున పచ్చె అనగా ఆకురంగే. పసుపురంగున కక్కినదని చెప్పదలచిన తల్లి మాట వైద్యునికి ఆకురంగుగా తోచవచ్చును. అంతకంటె ప్రమాదకరమైనది, నిజముగా ఆకుపచ్చగా కక్కిన బిడ్డ సంగతి 'ఏదో పచ్చగా' అని నసుగుడుగా చెప్పగా తేలికగా పోవుట. పసరు అను మాటయు ఇట్టిదే. ఆకుల రసము పసరు, పిత్తరసము పసరు. కన్నడపు హసిరు దీనికి తోబుట్టువు. కాని మన ఇండ్లలో పరగడుపున వచ్చు చేదైన పసుపునీటిని సైతము పసరే అందురు. ఇది మన తెలుగువారి లోపమే అనుకొననక్కరలేదు. గ్లాస్గో వైద్యులు 2006లో ప్రకటించిన పరిశీలనలో, పిత్తము కలిసిన వాంతి రంగు ఏదో చూపుడని రంగుపలకలిచ్చి అడుగగా, తల్లిదండ్రులలో పెక్కుమంది పసుపునే చూపిరట.

ఈ రంగుల భేదమున ప్రాణములు నిలుచుటయు పోవుటయు కలదు. కడుపు చివర ఒక ద్వారము కలదు. పిత్తరసము ఆ ద్వారము దాటిన పిమ్మటనే చిన్నపేగులో చేరును. కావున బిడ్డ చెట్టు ఆకువలె ముదురుపచ్చగా కక్కినచో, ఆ ద్వారమునకు ఆవల ఎచ్చటనో పేగు మూసుకొనియుండవచ్చును. పుట్టిన కొద్ది దినములలో లేదా వారములలో ఇట్లు జరిగినప్పుడు వైద్యులు మొట్టమొదట శంకించునది పేగు మెలిపడుట. గర్భమునందు 6వ వారము ప్రాంతమున శిశువు పేగు బొడ్డుత్రాడులోనికి పెరిగి, 10వ వారము మొదలు మరల ఉదరములోనికి వచ్చును. వచ్చుచు 270 డిగ్రీలు తిరిగి తన తావున కుదురుకొనును. ఆ తిరుగుడు పూర్తికానిచో పేగు సన్నని కాడపై వ్రేలాడుచు ఏదో ఒకనాడు మెలితిరుగును. అప్పుడు రక్తనాళములు నులిగి, కొద్ది గంటలలోనే పేగు చచ్చిపోవును. బోస్టను నగరపు శస్త్రవైద్యుడు విలియం లాడ్ 1936లో దీనికి వివరించిన శస్త్రచికిత్స నేటికిని ఆయన పేరనే జరుగుచున్నది. ఆకుపచ్చగా కక్కిన ప్రతి బిడ్డకును శస్త్రము అవసరమగునని కాదు. అవసరము లేదని వైద్యుడు పరీక్షించి చెప్పువరకు అవసరమున్నదనియే యెంచి బయలుదేరవలెను. పసిపిల్లల శస్త్రవైద్యులు పెద్ద నగరములలోనే యుందురు. పావగడనుండి బెంగుళూరు సుమారు 150 కిలోమీటర్లు. దిష్టి తీసి, రేపు చూతమని పడుకొన్న రాత్రి, ఈ దారికి పట్టు గంటలకు తోడు పడును. అందువలన 'పచ్చగా' అని ఊరకొనరాదు. ఆకుపచ్చయో, పసుపుపచ్చయో విడదీసి చెప్పవలెను. ఆ గుడ్డను ఉతికివేయక మూటగట్టి వైద్యునికి చూపుట అన్ని భాషల కంటెను మేలు.

ఆకుపచ్చ కానిచో కంగారు కొంత తగ్గించుకొనవచ్చును. 4వ నెల ప్రాంతమున సగమునకు మించిన బిడ్డలు దినమునకు ఒక్కసారియైనను పాలు కక్కుదురు. ఏడాది నిండునప్పటికి అట్లు కక్కువారు నూటికి ఐదుగురికి మించరు. బిడ్డ బరువు పెరుగుచు, చలాకీగా నున్నచో ఇది వ్యాధి కాదు, కాలమే చికిత్స. పాలిచ్చిన వెంటనే ఊయలలో వేసి ఊపక, భుజమున వేసికొని త్రేనుపు వచ్చువరకు నిమురుట, ఒకేసారి ఎక్కువ పట్టక తడవతడవకు కొంచెము కొంచెముగా ఇచ్చుట చాలును. కక్కునేమో యని బోరగిల పరుండబెట్టువారు కలరు. అది ప్రమాదకరము, నిద్రలో బిడ్డను వెల్లకిలగనే ఉంచవలెనని వైద్యులందరును చెప్పుచున్నారు.

ఉగ్గుగిన్నె సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. ఉగ్గుపాలతో నేర్చినది అని మనము దేనినైనను గొప్పగా చెప్పుదుము. ఆ ఉగ్గును కాళ్ళపై బిడ్డను వెల్లకిల వేసి, ముక్కు నొక్కి, ఏడ్చుచున్న నోటిలో పోయుట మాత్రము గొప్ప కాదు. ఎక్కువైనది బయటికి వచ్చును. కొంత ఊపిరితిత్తులలోనికి పోవును. పిదప దగ్గు, ఉబ్బసము వచ్చును. కక్కుట ఎక్కువైనదని మరల ఆముదము పోయుదురు! ఇంకొకటి వస. బిడ్డకు మాటలు త్వరగా రావలెనని వసకొమ్మును సానపై అరగదీసి నాకించుట మన రెండు రాష్ట్రములలోను కలదు. అధికప్రసంగము చేయువానిని వసపిట్ట యనుటకు ఈ యాచారమే మూలము. కాని ఆయుర్వేదమున వమనచికిత్సయందు మంగకాయతో పాటు వసనుకూడ వాడుట కలదు, అనగా అది వాంతి చేయించు ద్రవ్యము. అందలి అసరోన్ అను పదార్థమును బట్టి అమెరికా ప్రభుత్వము 1968లో దానిని ఆహారపదార్థములలో చేర్చరాదని నిషేధించినది. వారమున కొకసారి వస నాకించుచు, వారమున కొకసారి బిడ్డ ఎందుకు కక్కుచున్నదని విచారించు ఇండ్లు లేకపోలేదు. వసను తేనెతో రంగరించుటయు కలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలే పనికిరాదు.

బిడ్డ మూడవ వారము మొదలు ఆరవ వారము లోపల కక్కుట ప్రారంభించి, అది దినదినమునకు విసురెక్కి, పాలు మూరెడు దూరమున పోయి పడుచు, కక్కిన మరుక్షణమే ఆకలితో మరల పాలకై ఏడ్చుచున్నచో అది వేరు. కడుపు చివరి ద్వారపు కండరము మందమై దారి మూసికొనుట దీనికి కారణము. మగబిడ్డలకు, అందును తొలిచూలు బిడ్డలకు, ఇది హెచ్చుగా కనబడును. డెన్మార్కు దేశపు వైద్యుడు హిర్ష్‌స్ప్రంగ్ 1888లో దీనిని స్పష్టముగా వర్ణించెను. జర్మను శస్త్రవైద్యుడు రామ్‌స్టెట్ 1912లో ప్రకటించిన సులభమైన శస్త్రముతో ఇది పూర్తిగా నయమగుచున్నది. అంతకు ముందు ఇట్టి బిడ్డలు పెక్కుమంది చిక్కి శల్యమై చనిపోయెడివారు. ఈ వాంతి ఎన్నడును ఆకుపచ్చగా ఉండదు. దారి పిత్తము కలియుటకు ముందే మూసికొన్నది గదా. అల్ట్రాసౌండు పరీక్షలో ఆ కండరము స్పష్టముగా కనబడును. 'విసిరికొట్టినట్లు కక్కుచున్నాడు, వెంటనే పాలడుగుచున్నాడు' అను రెండు వాక్యములు తల్లి నోట వచ్చినచో వైద్యుడు చెవులు నిక్కించుకొనును.

ఆరు నెలలు దాటిన బిడ్డ హఠాత్తుగా కాళ్ళు కడుపులోనికి ముడుచుకొని కీచుమని యేడ్చి, కొంతసేపు ఊరకుండి, మరల అట్లే యేడ్చి, నడుమనడుమ వాంతి చేసికొనుచున్నచో, పేగులో పేగు దూరినదేమోయని చూడవలెను. ఎర్రని జిగురువంటి విరేచనము కనబడువరకు వేచియుండరాదు. అది ఆలస్యముగా వచ్చు గుర్తు.

పాలు మార్చుటను గూర్చి కొంచెము. తల్లిపాలు మాని ఆవుపాలో డబ్బాపాలో పట్టుట మొదలిడిన పిమ్మట వాంతులు, విరేచనమున రక్తపు జీరలు, ఒంటిపై దద్దురు కనబడినచో ఆవుపాలలోని మాంసకృత్తులు బిడ్డకు పడకుండుట కారణము కావచ్చును. అట్టి బిడ్డకు గేదెపాలో మేకపాలో ఇచ్చినచో తీరునని అనుకొందురు. ఆ మాంసకృత్తులు ఒకదానినొకటి చాలవరకు పోలియుండుటచే సాధారణముగా తీరదు. ఇక ఆ పాలలో కలుపు నీళ్ళు. పావగడ బోరునీళ్ళలో ఫ్లోరైడు మితి మీరియుండుట అందరికిని తెలిసినదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణము. మన దేశమున ఫ్లోరైడు రోగమును మొదట గుర్తించి 1937లో ప్రకటించినది నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించియే. తెలుగువారికి ఇది పాత చుట్టము. మా తాలూకాలో ఏ జబ్బు వచ్చినను నీళ్ళపై త్రోసివేయుట ఒక అలవాటైనది. ఫ్లోరైడు మితిమీరి చేరినచో కడుపు వికారము కలుగుట సత్యమే. కాని దాని ముఖ్యచిహ్నములు పండ్లమీది మచ్చలును, ఎముకల వంకరలును. పాలుత్రాగు బిడ్డ వాంతులకు నీళ్ళే కారణమని నిశ్చయించుకొని కూర్చుండినచో అసలు కారణము దాగిపోవును. తల్లిపాలలోనికి ఫ్లోరైడు చేరునది బహుస్వల్పము. డబ్బాపాలు కలిపినప్పుడు మాత్రము బోరునీటిలోనిదంతయు బిడ్డకు చేరును. నీళ్ళు మరగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మరింత చిక్కబడును. శుద్ధజల కేంద్రపు నీరు వాడి, దానిని కాచి చల్లార్చి కలుపుట మేలు. తుంగభద్ర నీటిని ఈ తాలూకాకు తెచ్చు పథకము 2025లో ప్రారంభమైనది.

ఏడాదికి నాలుగైదు మారులు జ్వరముతోను విరేచనములతోను వచ్చు వాంతులు ఒకే రోగము కావు. చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా వచ్చిన వేర్వేరు అంటురోగములు. వీనిలో పసిబిడ్డలను ఎక్కువగా బాధించునది రోటావైరస్. దీనికి హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన చుక్కలమందును ప్రభుత్వము 2016లో ఆంధ్రప్రదేశ్ మొదలైన నాలుగు రాష్ట్రములలో టీకాల పట్టికలో చేర్చినది. 2019 నాటికి రోటావైరస్ టీకా దేశమంతటికిని వచ్చినది. కోరింతదగ్గులో దగ్గు తెర చివర వాంతియగును. తల్లి వాంతిని చెప్పి దగ్గును మరచినచో నిదానము తప్పును. జ్వరము, వాంతులు తప్ప మరేమియు కనబడని బిడ్డకు మూత్రపరీక్ష చేయింపవలెను. పురుగుల సంగతి మా పాఠశాలలవారికి బాగుగా తెలియును. 2015 నుండి ఫిబ్రవరి 10వ తేదీన జరుగుచున్న పురుగుల నివారణ దినమున మాత్రలు మింగించునది మేమే గదా. ఏలికపాములు మిక్కుటమైనచో వాంతులు వచ్చుట నిజమే. కాని మాత్ర మింగించిన పిదపయు ఆగని వాంతిని ఇంకను పురుగులేయని సరిపెట్టుకొనరాదు.

ఇప్పుడు చెప్పబోవునది కొందరికి రుచింపకపోవచ్చును. మేనమామను, మేనత్త కొడుకును పెండ్లాడుట మనలో తరతరములుగా వచ్చుచున్నది. దానిని నిందించుటకు నేను పూనుకొనలేదు. మా యింటనే అట్టి పెండ్లిండ్లు కలవు. కాని తల్లిదండ్రులు రక్తసంబంధులైనచో, ఇరువురిలోను దాగియున్న ఒకే లోపము బిడ్డకు రెండువైపులనుండి సంక్రమించు అవకాశము హెచ్చును. ఆహారమును జీర్ణించి శక్తిగా మార్చు రసాయనక్రియలో ఒక మెట్టు అట్లు లోపించినచో, బిడ్డ పుట్టినప్పుడు బాగుగానే యుండి, పాలు త్రాగనారంభించిన కొన్ని దినములకో, పిదప జ్వరము వచ్చి అన్నము మానినప్పుడో, వాంతులతో మొదలై మత్తులో పడును. ఊపిరి వేగమగును. మూత్రమునకో చెమటకో వింతవాసన ఉండవచ్చును. వైద్యుడు 'మీది మేనరికమా?' అని అడుగుట కులగోత్రముల విచారణ కాదు. 'ఇంతకు ముందు బిడ్డలు పోయినారా?' అను ప్రశ్నయు అట్టిదే. మొదటి బిడ్డ పురిటిలోనే ఇట్లు పోయినదను మాటను సిగ్గుచేతనో దుఃఖముచేతనో దాచిన యెడల రెండవ బిడ్డకు దారి మూసినట్లగును. ఇట్టి లోపములలో కొన్నింటికి తగిన ఆహారనియమముతోనే బిడ్డను నిలుపుకొనవచ్చును.

మూడు మొదలు ఏడేండ్ల బిడ్డలలో కనబడు విచిత్రమైన వాంతి ఒకటి కలదు. బిడ్డ నెలలు తరబడి ఆరోగ్యముగా ఉండును. ఒకనాటి వేకువను లేచి కక్కనారంభించి, గంటకు నాలుగైదు మారులు కక్కుచు, ముఖము పాలిపోయి, వెలుతురు చూడలేక ఒకమూల ముడుచుకొని పడుకొనును. ఒకటి రెండు దినములకు మంత్రము వేసినట్లు అంతయు పోయి ఇడ్డెన్లు అడుగును. కొన్ని వారములకో నెలలకో మరల అదే వేళకు, అదే విధముగా వచ్చును. లండనులోని సెయింట్ బర్తలోమ్యూ ఆస్పత్రి వైద్యుడు శామ్యూల్ గీ 1882లో దీనిని వర్ణించెను; చక్రమువలె తిరిగివచ్చుట చేత చక్రీయ వాంతి యనవచ్చును. పార్శ్వపు తలనొప్పికి ఇది దగ్గరి చుట్టము. తరచి అడిగినచో తల్లికో అమ్మమ్మకో ఆ నొప్పి యుండును. నిద్ర చాలకుండుట, ఆకలి, జలుబు, పండుగ సంబరము దీనిని లేపును. అమావాస్యకు వచ్చినదని, తిరునాళ్ళలో ఏదో సోకినదని ఊరిలో చెప్పుకొనునది పెక్కుమార్లు ఇదియే. తిరునాళ్ళ మాట పూర్తిగా అబద్ధము కాదు. అలసట, నిద్రలేమి, ఎండ అక్కడనే గదా కలియునది! వచ్చిన తేదీ, వేళ, ఎంతసేపు నిలిచినది ఒక పుస్తకమున వ్రాసి పెట్టుకొన్నచో ఈ చక్రము కంటికి కనబడును. అయినను దీనిని నిశ్చయించుటకు ముందు పేగు మెలి, మూత్రపిండముల అడ్డు, మెదడు రోగము కావని వైద్యుడు చూడవలసియుండును.

మెదడు రోగమును గూర్చి ఉపాధ్యాయులు కనిపెట్టియుండవలసిన గుర్తులు కొన్ని కలవు. ప్రతిదినము ఉదయమున లేవగనే తలనొప్పితో వాంతి, కక్కగనే నొప్పి తగ్గుట, నడకలో తూలుట, వస్తువులు రెండుగా కనబడుట, చక్కగా వ్రాయు బిడ్డ దస్తూరి కొలదివారములలోనే చెడిపోవుట. బడికి రానొల్లక సాకు చెప్పుచున్నాడని ఇట్టి బిడ్డను దండించుట జరుగవచ్చును. సాకు చెప్పు బిడ్డ సెలవుదినమున కక్కడు. ఈ బిడ్డ ఆదివారమును కక్కును. ఈ చిన్న భేదము తరగతి గదిలో కూర్చున్న మాకు తెలిసినంతగా ఆస్పత్రివారికి తెలియదు. అట్లే బిడ్డ మాటిమాటికి నీళ్ళకును, మూత్రమునకును సెలవడుగుచు, చిక్కిపోవుచు, ఒకనాడు వాంతులతో మత్తుగా పడినచో అది చక్కెరవ్యాధి. ఆ నాడే ఆస్పత్రి చేర్పవలెను. చిన్నపిల్లలకు చక్కెర రాదను మాట నమ్మరాదు.

కారణము తెలియులోపల ఇంట చేయదగినది ఒకటే, ఒంటిలో నీరు ఇంకిపోకుండ చూచుట. కక్కిన పిమ్మట పది నిమిషములు ఆగి, ఓ.ఆర్.ఎస్. ద్రావణమును చెంచాతో ఒకటి రెండు నిమిషముల కొకసారి పట్టవలెను. గ్లాసుతో గడగడ త్రాగించినచో మరల కక్కును. తల్లిపాలు ఆపరాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు-చక్కెర నీటితోనే వేలమందిని నిలిపెను. పేరున మాత్రము ఓ.ఆర్.ఎస్. అని వ్రాసి అమ్మిన తియ్యని పానీయములపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణముల సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించినది. కావున పొట్లముపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమను మాట ఉన్నదో లేదో చూచి కొనవలెను. ఆకుపచ్చ వాంతి, రక్తపు వాంతి, ఆరు గంటలుగా మూత్రము లేకుండుట, పొట్ట ఉబ్బి గట్టిపడుట, నడినెత్తి ఉబ్బుట లేక గుంటపడుట, లేపినను సరిగా లేవని మత్తు, వీనిలో ఏ యొక్కటి యున్నను ఓ.ఆర్.ఎస్. పోయుచు కూర్చుండక 108కి కబురు చేయవలెను.

ఆస్పత్రిలో పనికివచ్చునని మా ఊరి తల్లులకు నేను చెప్పుచున్న కన్నడపు మాటలు కొన్ని ఇచ్చట పొందుపరచుచున్నాను. ఆకుపచ్చకు హసిరు, పసుపుపచ్చకు హళది. పచ్చ అని ఒంటిగా అనరాదు. ఊరక పాలు జారినచో 'హాలు కక్కుత్తదె', విసురుగా వచ్చినచో 'జోరాగి వాంతి మాడుత్తదె'. మూత్రము రాకున్నచో 'ఆరు గంటెయింద మూత్ర మాడిల్ల'. మత్తుగా నున్నచో 'ఎబ్బిసిదరూ ఏళుత్తిల్ల'. ఈ నాలుగును నోటికి రాకున్నచో, కక్కిన గుడ్డయు, తేదీలు వ్రాసిన పుస్తకమును వెంట నుండవలెను.